911 ముఖాన్ని మార్చిన ప్రదర్శన కారు

1992-93 ఆర్థిక సంవత్సరంలో జర్మన్ కంపెనీ పోర్షేకు వచ్చిన నష్టం 23.9 కోట్ల మార్కులు. ఆ గడ్డుకాలంలోనే, 1993 జనవరిలో, డెట్రాయిట్ ఆటో షోలో వెండి రంగు కాన్సెప్ట్ కారు ఒకటి పెట్టింది. పేరు బాక్‌స్టర్. సీట్లు రెండే, పైన కప్పు లేదు. గ్రాంట్ లార్సన్ గీసిన ఆ బాడీలో 1953 నాటి 550 స్పైడర్ రేసు కారు పోలికలు ఉన్నాయి. దానికి దక్కిన ఆదరణ చూశాక కంపెనీకి ధైర్యం వచ్చింది.

షో నుంచి షోరూముకు చేరడానికి మూడున్నరేళ్లకు పైగా పట్టింది. 1996లో మార్కెట్లోకి వచ్చిన బాక్‌స్టర్ ఆ నమూనా కన్నా పెద్దది. ప్రదర్శన కారుకు డిక్కీలో సామాను పట్టాల్సిన పని లేదు, ప్రమాదంలో మనుషుల్ని కాపాడాల్సిన బాధ్యతా లేదు. అమ్మే కారుకు రెండూ తప్పవు. పైగా సీట్ల వెనక ఉన్న 2.5 లీటర్ల, 204 హార్స్‌పవర్ ఇంజిన్ నీటితో చల్లబడేది. అందుకు ముందు చక్రాలకు ఎదురుగా రెండు రేడియేటర్లకు చోటు చూడాలి. నమూనా నాజూకుతనం కొంత అక్కడే పోయింది. అయినా చూడగానే గుర్తుపట్టగలిగేంత పోలిక మిగిలింది.

నా దృష్టిలో ఆ ప్రదర్శన కారు ప్రభావం అంతకన్నా ఎక్కువగా పోర్షే మరో స్పోర్ట్స్ కారు 911 మీద పడింది. 1963 నుంచీ ఆ కారు ఇంజిన్‌ను గాలే చల్లబరిచేది. 1997లో వచ్చిన కొత్త 911 (కంపెనీ సంకేతం 996) నీటికి మారింది: 3.4 లీటర్లు, 300 హార్స్‌పవర్. దాని బానెట్, ముందు ఫెండర్లు, హెడ్‌లైట్లు బాక్‌స్టర్‌వే. బాడీ రేకులను అచ్చొత్తే డైలకు భారీగా ఖర్చవుతుంది. రెండు మోడళ్లు పంచుకుంటే ఒక్కో కారుపై పడే భారం తగ్గుతుంది. నష్టాల్లోంచి బయటపడాలనుకున్న కంపెనీకి ఆ పొదుపు ప్రాణావసరం.

911 అభిమానులకు మాత్రం ఇది మింగుడు పడలేదు. అంత ఖరీదు పెట్టి కొన్న కారు ఎదురుగా వస్తుంటే చవక మోడల్‌లా కనిపించడమేమిటన్నారు. ఇండికేటర్‌ను కూడా తనలో కలుపుకొన్న ఆ హెడ్‌లైటును ఎక్కువగా తప్పుబట్టారు. అందం వరకు వాళ్ల ఫిర్యాదు న్యాయమైనదే. 2004లో వచ్చిన తర్వాతి 911కు కంపెనీ మళ్లీ గుండ్రటి దీపాలు పెట్టింది. నీటితో చల్లబరిచే పద్ధతిని మాత్రం వదల్లేదు.

ఇక బాక్‌స్టర్ పాతికేళ్లలో 3,57,000కు పైగా అమ్ముడైంది.