కురిక్యాల శిల, గుంజాల ప్రతి, కంప్యూటరు దస్త్రము

కరీంనగరము జిల్లా గంగాధర మండలములోని కురిక్యాల వద్ద బొమ్మలమ్మగుట్ట ఉన్నది. కన్నడ కవి పంపని తమ్ముడు జినవల్లభుడు పదవ శతాబ్దిలో అక్కడి బండపై సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో శాసనము చెక్కించినాడు. అందలి కంద పద్యముల విలువ సాహిత్య విద్యార్థులు ఎరిగినదే. వెయ్యేండ్ల ఎండవానలకు ఓర్చిన ఆ అక్షరములను, పాతలిపి నేర్చినవాడెవడైనను నేటికిని చదువగలడు. అందుకు ఒకరి అనుమతి అక్కరలేదు. ఏ పనిముట్టును కొనవలసిన పని లేదు. అదే జిల్లాలో పాతికేండ్ల క్రిందట కంప్యూటరుపై కూర్చిన ఒక కవితా సంపుటి దస్త్రమును నేడు తెరిచి చూచినచో, తెలుగునకు మారుగా ఆంగ్లాక్షరములును, డాలరు గుర్తులును, ప్రశ్నార్థకములును కలగాపులగమై కనబడవచ్చును. శిల నిలిచినది, దస్త్రము నిలువలేదు. కారణమేమి?

డి.టి.పి. కేంద్రములు ఊరూర వెలసిన కాలమున తెలుగునకు కంప్యూటరులో సొంత ఇల్లు లేదు. అను, శ్రీలిపి వంటి ఫాంట్లు ఆ లోటును తమదైన ఉపాయముతో తీర్చినవి. ఆంగ్లాక్షరములకు కేటాయించిన సంఖ్యలలోనే తెలుగు అక్షరముల ముక్కలను అమర్చినారు: తలకట్టు ఒక సంఖ్యకు, గుడి ఒక సంఖ్యకు, వత్తు మరొక సంఖ్యకు. కంటికి అది తెలుగు. యంత్రమునకు మాత్రము ఆంగ్లమే. ఫాంటు ఉన్నంతసేపే ఆ వేషము నిలుచును. పైగా ఒక ఫాంటు కూర్పు వేరొక ఫాంటునకు పొసగదు. అట్లని వానిని నిందించుట కృతఘ్నత యగును. అవి లేకున్నచో ఆనాటి చిన్న పత్రికలు, పెండ్లిపత్రికలు, పాఠ్యపుస్తకములు అంత సులువుగా అచ్చయి ఉండెడివి కావు.

యూనికోడు వచ్చి ప్రతి లిపికిని తనదైన స్థానములు కేటాయించినది. 1991 నాటి మొదటి కూర్పులోనే తెలుగు చేరినది. తెలుగునకు 128 స్థానములు. 2009లో భారత ప్రభుత్వము పరిపాలనా వ్యవహారములకు దీనినే ప్రమాణముగా ప్రకటించినది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు వెల లేకుండ లభించినవి; పిమ్మట సురవరము మొదలైన స్వేచ్ఛా ఫాంట్లు మరికొన్ని వచ్చినవి.

అక్షరము కుదిరినంత మాత్రమున చాలదు. అక్షరములను దాచు పెట్టె సంగతి వేరు. పుట హద్దులు, పట్టికలు, అధోజ్ఞాపికలు, శీర్షికలు ఎట్లు భద్రపరుపబడునో ఆ పద్ధతి ఒక్క సంస్థకే తెలిసియున్నచో, తాళము చెవి వారి చేతనే ఉండును. ఈ బెడదకు విరుగుడుగా ఓపెన్ డాక్యుమెంటు అను పద్ధతి 2006లో అంతర్జాతీయ ప్రమాణమైనది. 2010లో ఓపెన్ ఆఫీసు నుండి చీలి వెలువడిన లిబ్రె ఆఫీసు వాడునది ఇదే. దీని దస్త్రము ఒక మూట వంటిది. మూట విప్పినచో లోపల విషయమొక పత్రము, అలంకారమొక పత్రము, సాదా అక్షరములలో విడివిడిగా కనబడును. తయారుచేసిన సాఫ్టువేరు రేపు అంతరించినను మూటలోని మాటలను చదువవచ్చును. మైక్రోసాఫ్టు వారి కొత్త పద్ధతి కూడ 2008లో ప్రమాణముగా అంగీకరింపబడినది. అయినను ఒకదానినుండి మరొకదానికి మారునప్పుడు పట్టికలు జరుగుట, పుటలు తప్పుట కలదు. తెలుగులో ఈ చిక్కు మరికొంత హెచ్చు: ఒత్తుల మూలమున వరుస ఎత్తు ఫాంటును బట్టి మారును, ఫాంటు మారినచో నూరు పుటల పుస్తకము నూట పది పుటలు కావచ్చును.

ఇక పాత కూర్పులను యూనికోడునకు మార్చుట. యంత్రము ముక్కలను ఏరి మరల అక్షరములు కట్టవలెను. ఆ పనిలో ఒత్తు తారుమారగుట, దీర్ఘము జారిపోవుట సామాన్యము. తాళపత్రములకు ప్రతులు వ్రాసిన లేఖకులు చివర తప్పులు మన్నింపుమని వేడుకొనెడివారు. ఈ యంత్రములకు ఆ మర్యాద కూడ లేదు. దిద్దువాడు తెలుగు వచ్చిన మనిషే కావలెను. వ్రేళ్ళ అలవాటు మరియొక అడ్డంకి. పాత మీటల వరుసలో ఏండ్ల తరబడి టైపు చేసినవారు ఇన్‌స్క్రిప్టునకు ఒక్కనాడు మారలేరు. మార్పు మనుషులకు సంబంధించినదని జర్మనీ దేశము కూడ నేర్చినది. మ్యూనిక్ నగరపాలక సంస్థ స్వేచ్ఛా సాఫ్టువేరునకు మారి, 2017లో తిరిగి విండోసు వైపు మరలుటకు తీర్మానించినది. అదే దేశమున ష్లెస్విగ్-హోల్‌స్టయిన్ రాష్ట్రము 2024లో 30,000 కంప్యూటర్లను లిబ్రె ఆఫీసునకు మార్చుటకు నిశ్చయించినది.

2016 అక్టోబరులో పాత కరీంనగరము జిల్లానుండి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల జిల్లాలును, ఆదిలాబాదునుండి నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాదు జిల్లాలును ఏర్పడినవి. కాగితపు కట్టను జీపులో వేసికొని కొత్త కచేరికి చేర్చవచ్చును. పాత ఫాంటులో కూర్చిన దస్త్రము వెంట ఆ ఫాంటు కూడ ప్రయాణము చేయవలెను.

తెలుగు వంటి పెద్ద భాషకు ఇది తీరగల ఇబ్బందియే. కాని ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలములోని గుంజాలలో వెలుగుచూచిన వ్రాతప్రతుల విషయమట్లు కాదు. తెలుగునకును నాగరికిని భిన్నమైన ఒక గోండి లిపిలో వ్రాసిన ఆ ప్రతులను ఆచార్య జయధీర్ తిరుమలరావు మొదలైన పరిశోధకులు లోకమునకు చూపినారు. అప్పటికి ఆ లిపిని చదువగలిగినవారు కొలదిమంది వృద్ధులే. 1918లో మున్షీ మంగళ్ సింగ్ మాసారాం కల్పించిన మరొక గోండి లిపి 2017లో యూనికోడున చేరగా, 2018లో గుంజాల గోండి 63 గుర్తులతో చేరినది. 2011 జనగణన ప్రకారము గోండి మాట్లాడువారు సుమారు 30 లక్షలు. గుంజాల లిపి నెరిగినవారు అందులో ఒక పిడికెడు. ఇంత చిన్న సంతకై ఏ వ్యాపార సంస్థయైనను సాఫ్టువేరు సిద్ధము చేయునని ఆశింపరాదు. స్వేచ్ఛా సాఫ్టువేరు విలువ తెలియునది ఇచ్చటనే: కావలసినవారే పూనుకొని చేర్చుకొనవచ్చును. గూగుల్ వారి నోటో వరుసలో ఈ లిపికి స్వేచ్ఛా ఫాంటు కలదు.

అయినను ఈ గుర్తుల స్థానములు యూనికోడు మొదటి 65,536 స్థానములకు ఆవల ఉన్నవి. పాత సాఫ్టువేర్లు కొన్ని అంతదూరము పోలేవు. ఫాంటు లేని కంప్యూటరులో అక్షరమునకు బదులు ఖాళీ గడి కనబడును. ఆ గడిని చూచి తొందరపడి ఆంగ్ల సంఖ్యలపై గోండి బొమ్మలు అతికించుకొన్నచో, తెలుగు తిరిగిన చుట్టుదారియే గోండికిని పట్టును. ఇక ప్రతులకు ఛాయాచిత్రములు తీసి ఉంచుట అవసరమే. కాని ఛాయాచిత్రములో ఒక రాజు పేరును వెదకుట సాధ్యము కాదు, ఒక మాట ఎన్నిమారులు వచ్చినదో లెక్కించుట సాధ్యము కాదు. అందుకు ఒక్కొక్క వరుసను చదివి చెప్పు పెద్ద ఒకప్రక్కను, టైపు చేయు చిన్నవాడు మరొకప్రక్కను కూర్చుండవలెను.