కారు బాగానే నడుస్తోంది.. మరి నష్టపోయిందెవరు? ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ మోసంలో కొన్నవాళ్లకు దక్కిందేంటి?

డీజిల్ కారు ఉన్నవాళ్లు ఓసారి పొల్యూషన్ సర్టిఫికెట్ తీసి చూడండి. పొగ ఎంత దట్టంగా ఉందో చెప్పే అంకె ఒకటి అందులో ఉంటుంది. నైట్రోజన్ ఆక్సైడ్ల గురించి మాత్రం ఒక్క ముక్క కూడా ఉండదు. ఎందుకంటే పెట్రోల్ బంకు పక్కన వ్యాన్‌లో చేసే ఆ పరీక్షలో వాటిని కొలవరు. కంటికి కనిపించే పొగను పట్టుకోవడమే దాని పని. కంటికి కనిపించని ఆ వాయువుల లెక్కను దాచిపెట్టే సాఫ్ట్‌వేర్‌తో ప్రపంచవ్యాప్తంగా సుమారు 1.1 కోట్ల కార్లు అమ్ముడైన వ్యవహారమే ఫోక్స్‌వ్యాగన్ 'డీజిల్‌గేట్'.

ఇది బయటపడింది 2015 సెప్టెంబరు 18న. పాత కథే కదా అనిపించవచ్చు. కానీ ఒకే కంపెనీ, ఒకే తరహా మోసం.. అమెరికాలో కొన్నవాళ్లకు కారు ధరతో పాటు అదనంగా డబ్బు వచ్చింది. జర్మనీలో ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగితే కొంత వచ్చింది. మన దేశంలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చింది. ఈ తేడాకు కారణమేంటి?

పరీక్ష అని కారుకు ఎలా తెలిసింది?

ల్యాబ్‌లో కారును రోలర్ల మీద నిలబెట్టి పరీక్షిస్తారు. చక్రాలు తిరుగుతుంటాయి, స్టీరింగ్ మాత్రం కదలదు. వేగం కూడా ముందే నిర్ణయించిన పద్ధతిలోనే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఇంజిన్‌లోని కంప్యూటర్ ఈ లక్షణాలను గుర్తుపట్టి 'ఇది పరీక్ష' అని తేల్చుకునేది. అప్పటికప్పుడు కాలుష్య నియంత్రణ వ్యవస్థను పూర్తిస్థాయిలో పనిచేయించేది. రోడ్డెక్కగానే దాన్ని తగ్గించేసేది. దీనివల్ల అమెరికాలో అమ్మిన కార్లు రోడ్డు మీద పరిమితికి 40 రెట్ల దాకా నైట్రోజన్ ఆక్సైడ్లు వదిలాయని అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ ప్రకటించింది.

దీన్ని పట్టుకున్నది ఏ నిఘా సంస్థో కాదు. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీకి చెందిన ఓ చిన్న పరిశోధక బృందం. కొలిచే పరికరాలను కారు వెనకాలే పెట్టుకుని కాలిఫోర్నియా రోడ్ల మీద తిరిగారు. ఆ బృందంలో అరవింద్ తిరువెంగడం, హేమంత్ కప్పన్న అనే ఇద్దరు భారతీయులు ఉన్నారు. వాళ్లు పరీక్షించిన జెట్టా పరిమితికి 15 నుంచి 35 రెట్లు, పస్సాట్ 5 నుంచి 20 రెట్లు వదిలాయి. అదే రోడ్ల మీద నడిపిన బీఎండబ్ల్యూ కారు దాదాపుగా హద్దుల్లోనే ఉంది. అంటే నిబంధన పాటించడం అసాధ్యమేమీ కాదన్నమాట.

'పర్యావరణం కోసమే కొన్నాం'

మామూలుగా కారులో లోపం ఉంటే యజమానికి తెలుస్తుంది. బ్రేకు పడదు, ఇంజిన్ వేడెక్కుతుంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు. పికప్ బాగుంది, మైలేజీ బాగుంది. నిజానికి ఆ రెండూ అంత బాగుండటానికి మోసం కూడా ఒక కారణం. అందుకే కొన్నవాళ్ల స్పందన కూడా ఒకేలా లేదు.

అమెరికాలో కోపం ఎక్కువగా కనిపించింది. అక్కడ డీజిల్ కార్లు కొనేవాళ్లే తక్కువ. 'క్లీన్ డీజిల్' అని ప్రచారం చేసి, మామూలు పెట్రోల్ కారు కంటే ఎక్కువ ధరకు అమ్మారు. 2009 జెట్టా డీజిల్ కొన్నవాళ్లకు అక్కడి ప్రభుత్వం 1,300 డాలర్ల పన్ను రాయితీ కూడా ఇచ్చింది. ఆ కారుకు 'గ్రీన్ కార్ ఆఫ్ ది ఇయర్' అవార్డు వచ్చింది, కుంభకోణం తర్వాత దాన్ని వెనక్కి తీసుకున్నారు. గాలిని పాడుచేయకూడదనే ఉద్దేశంతో నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టిన మనిషికి, తన కారే ఎక్కువ పాడుచేస్తోందని తెలిస్తే ఎలా ఉంటుంది? పైగా సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ఆ కార్ల ధర పడిపోయింది.

కంపెనీ ముందుగా వెయ్యి డాలర్లతో సర్దిచెప్పాలని చూసింది. 2015 నవంబరులో ఒక్కో యజమానికి 500 డాలర్ల ప్రీపెయిడ్ కార్డు, డీలర్ దగ్గరే వాడుకునేలా మరో 500 డాలర్ల కార్డు ప్రకటించింది. అప్పటికే దేశం నలుమూలలా వందల కేసులు పడ్డాయి. వాటన్నింటినీ కలిపి శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒకే జడ్జి చార్లెస్ బ్రేయర్ ముందుకు తెచ్చారు. మనం గమనించాల్సింది ఈ ఒక్క అడుగునే. దాదాపు 4.75 లక్షల మంది యజమానుల తరఫున ఒకే బేరం నడిచింది.

2016 అక్టోబరులో ఆమోదం పొందిన ఆ ఒప్పందం ప్రకారం, కుంభకోణం బయటపడక ముందు కారుకు ఉన్న ధర ఇవ్వాలి. దానిపై కనీసం 5,100 డాలర్లు, కొందరికి 10 వేల డాలర్ల దాకా అదనంగా చెల్లించాలి. కారు వద్దనుకుంటే తిరిగి ఇచ్చేయొచ్చు. ఉంచుకోవాలనుకుంటే మరమ్మతు చేయించుకుని పరిహారం తీసుకోవచ్చు. తుది లెక్కల్లో 86 శాతానికి పైగా యజమానులు కారు తిరిగి ఇచ్చేయడానికే మొగ్గుచూపారు. వాళ్లకు అందిన మొత్తం 950 కోట్ల డాలర్లు దాటింది. వెనక్కి వచ్చిన కార్లను పెట్టడానికి చోటు చాలక మిషిగన్‌లో మూతపడిన ఫుట్‌బాల్ స్టేడియం ప్రాంగణాన్ని, కాలిఫోర్నియా ఎడారిలో ఓ విమానాశ్రయ స్థలాన్ని వాడారు.

సొంత ఇంజిన్‌తో నడిచి వస్తే చాలు, కారు తీసుకోవాలన్నది షరతు. దీన్ని పట్టుకుని కొందరు సీట్లు, తలుపులు, బంపర్లు ఊడబీకి మిగిలిన అస్థిపంజరాన్ని డీలర్ దగ్గరికి తోలుకెళ్లారు. జడ్జి మందలించాల్సి వచ్చింది. మోసపోయినవాళ్లందరూ బుద్ధిమంతులే అయి ఉండాలనేమీ లేదు కదా.

జర్మనీలో ఆలస్యమయ్యేకొద్దీ తరిగిన పరిహారం

యూరప్‌లో ఇలాంటి కార్లు దాదాపు 85 లక్షలు. అక్కడ పరిహారం ఇవ్వబోమని కంపెనీ ముందే చెప్పేసింది. సాఫ్ట్‌వేర్ మారుస్తాం, 1.6 లీటర్ ఇంజిన్‌కు గాలి ప్రవాహాన్ని సరిచేసే చిన్న ప్లాస్టిక్ గొట్టం కూడా పెడతాం, అంతే అంది. అప్‌డేట్ తర్వాత పికప్ తగ్గిందని, విడిభాగాలు పాడవుతున్నాయని చాలామంది ఫిర్యాదు చేశారు. జర్మనీలో ఆ అప్‌డేట్ తప్పనిసరి. వద్దన్నవాళ్లకు రిజిస్ట్రేషన్ పోయే ప్రమాదం వచ్చిపడింది. తప్పు చేసింది ఒకరు, నోటీసు అందుకున్నది ఇంకొకరు.

అక్కడ వినియోగదారులంతా కలిసి పరిహారం కోసం కేసు వేసే వీలు అప్పట్లో లేదు. ఎవరి కేసు వాళ్లదే. 2018 నవంబరులో కొత్త చట్టం వచ్చాకే వినియోగదారుల సంఘాల సమాఖ్య ఉమ్మడి దావా వేయగలిగింది. 4 లక్షలకు పైగా జనం పేర్లు నమోదు చేసుకున్నారు. 2020 ఫిబ్రవరిలో సుమారు 2.6 లక్షల మందికి కలిపి 83 కోట్ల యూరోలకు రాజీ కుదిరింది. ఒక్కొక్కరికి 1,350 నుంచి 6,257 యూరోలు.

అదే ఏడాది మే 25న అక్కడి అత్యున్నత సివిల్ కోర్టు, కంపెనీ కారు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వాల్సిందేనని తీర్పు చెప్పింది. కానీ తిరిగిన కిలోమీటర్లకు తగ్గట్టు కోత పెట్టొచ్చంది. 31,490 యూరోలకు పాత షరాన్ కారు కొన్న ఆ పిటిషనర్‌కు దాదాపు 25,600 యూరోలు దక్కాయి. కేసు సాగేకొద్దీ కారు తిరుగుతూనే ఉంటుంది, రావాల్సిన మొత్తం కరుగుతూనే ఉంటుంది. 2015 సెప్టెంబరు తర్వాత కొన్నవాళ్లకు అయితే ఏమీ రాదని రెండు నెలలకే మరో తీర్పు ఇచ్చింది. మోసం గురించి అప్పటికే లోకానికి తెలుసు కాబట్టి, వాళ్లను మోసగించినట్టు కాదన్నది కోర్టు మాట.

మన దేశంలో ఏం జరిగింది?

ఫోక్స్‌వ్యాగన్ పేరు వింటే చాలామంది తెలుగువాళ్లకు ముందు 2005 నాటి విశాఖ వ్యవహారమే గుర్తొస్తుంది. వశిష్ట వాహన్ పేరుతో రాష్ట్ర ఖజానా నుంచి రూ.11 కోట్లకు పైగా వెళ్లింది, ప్లాంటేమో పుణె దగ్గర చకన్‌కు పోయింది. అది వేరే కథ.

డీజిల్ విషయానికొస్తే, కేంద్రం ఆదేశంతో పుణెలోని ఏఆర్ఏఐ పరీక్షలు చేసింది. కార్లు రోడ్డు మీద బీఎస్-4 పరిమితికి 1.1 నుంచి 2.6 రెట్లు వదులుతున్నాయని తేల్చింది. 2015 డిసెంబరులో కంపెనీ ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఆడి బ్రాండ్లకు చెందిన దాదాపు 3.24 లక్షల కార్లను సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కోసం వెనక్కి పిలిచింది. ఇది స్వచ్ఛందంగా చేస్తున్నదేనని, భారత నిబంధనలను తాము ఉల్లంఘించలేదని వాదించింది.

అమెరికాలో 40 రెట్లు, ఇక్కడ 2.6 రెట్లేనా అని ఊరట చెందేముందు ఒక లెక్క చూడాలి. అప్పట్లో అమెరికా పరిమితి కిలోమీటరుకు సుమారు 0.043 గ్రాములు. మన బీఎస్-4 పరిమితి 0.25 గ్రాములు. అంటే దాదాపు ఆరు రెట్లు వదులుగా ఉంది. గీతే అంత దూరాన గీస్తే, దాన్ని దాటినట్టు కనిపించేది తక్కువే ఉంటుంది. పైగా ఆ పరిమితి ల్యాబ్ పరీక్షకే వర్తించేది, రోడ్డు మీద ఇంతే వదలాలని అప్పటి చట్టంలో లేదు. కంపెనీకి బలం అక్కడే దొరికింది.

ఇక్కడ పోరాటం కూడా పరిహారం కోసం జరగలేదు. ఓ టీచర్ సహా కొందరు జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లారు. 2019 మార్చిలో ట్రైబ్యునల్ రూ.500 కోట్ల జరిమానా వేసింది. మే నెలలో సుప్రీంకోర్టు కంపెనీపై బలవంతపు చర్యలు వద్దని ఆదేశించింది. ఆ జరిమానా ఉద్దేశం పర్యావరణ నష్టాన్ని పూడ్చడం, కారు కొన్నవాళ్ల చేతికి ఇవ్వడం కాదు. యజమానుల్లో చాలామంది ఆలోచన కూడా 'అప్‌డేట్ చేయిస్తే మైలేజీ తగ్గుతుందేమో' అన్న దగ్గరే ఆగింది. వాళ్లను తప్పుపట్టలేం. చేయించుకుంటే లాభమేంటో చెప్పినవాళ్లు లేరు.

మరోవైపు కంపెనీ అమ్మకాలు కూలిపోలేదు. 2016లో ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ కోటికి పైగా వాహనాలు అమ్మి టయోటాను దాటేసింది.

ఇప్పుడు ఇలాంటిది జరిగితే?

అప్పటికీ ఇప్పటికీ చట్టం మారింది. 2023 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 రెండో దశలో రోడ్డు మీద నడుపుతూ కొలిచే పరీక్షనూ కార్లు నెగ్గాలి. డీజిల్ కారుకు పరిమితి 0.08 గ్రాములకు తగ్గింది.

అంతకంటే ముఖ్యమైనది మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో చేరిన 110ఏ సెక్షన్. పర్యావరణానికి హాని చేసే లోపం ఉన్నా కేంద్రం రీకాల్‌కు ఆదేశించవచ్చు. అప్పుడు కంపెనీ కారు పూర్తి ధర తిరిగి ఇవ్వాలి, లేదా అలాంటిదే మరో కారు ఇవ్వాలి, లేదా బాగుచేయాలి. 'లేదా' అన్న ఆ మాటలోనే అసలు చిక్కుంది. సాఫ్ట్‌వేర్ మార్చి బాగుచేశామంటే సరిపోతుందా అన్న ప్రశ్న మళ్లీ వస్తుంది. రీకాల్ నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. తయారై ఏడేళ్లు దాటని వాహనాలకే ఇవి వర్తిస్తాయి. ఒకే మోడల్‌పై నిర్ణీత సంఖ్యలో ఫిర్యాదులు వస్తేనే విచారణ మొదలవుతుంది కాబట్టి, వాహన్ పోర్టల్‌లోని రీకాల్ విభాగంలో ఎవరికి వాళ్లు ఫిర్యాదు నమోదు చేయడం ముఖ్యం. షోరూం మేనేజర్‌తో గొడవపడితే అది ఆ లెక్కలోకి రాదు.

డబ్బు కావాలంటే దారి వినియోగదారుల కమిషన్. చెల్లించిన ధర రూ.50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. 10 నుంచి 20 లక్షల కారుకు ఫీజు రూ.400. ఒకే సమస్య ఉన్నవాళ్లు కమిషన్ అనుమతితో ఉమ్మడిగా కూడా వేయొచ్చని 2019 వినియోగదారుల రక్షణ చట్టం 35వ సెక్షన్ చెబుతోంది. అమెరికా యజమానులను గెలిపించిన దారి ఇదే, మన దగ్గర కార్ల విషయంలో వాడినవాళ్లే తక్కువ. ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. ముందు సలహా కావాలంటే 1915 నంబరుకు ఫోన్ చేయండి. గడువు మాత్రం సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లే.

2008 నుంచి 2015 నవంబరు మధ్య అమ్ముడైన ఈ గ్రూప్ డీజిల్ కార్లు ఇప్పటికీ సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారుతున్నాయి. అలాంటిది కొనబోతుంటే, బయానా ఇచ్చేముందే ఛాసిస్ నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లి ఈ రీకాల్ పని పూర్తయిందో లేదో అడిగి, ఆ రికార్డు కాపీ తీసుకోండి.