కత్తి దూయడానికీ ఓ వంతు

రోల్ ప్లేయింగ్ గేమ్‌లలో వంతులవారీ పోరాటానికి కాలం చెల్లిందని పరిశ్రమ తీర్మానించి పాతికేళ్లు దాటింది. ఆ తీర్మానం మీద ఆటగాళ్లు మాత్రం సంతకం చేయలేదు.

అదో శుక్రవారం మధ్యాహ్నం. 1990ల మధ్యకాలం. కాలిఫోర్నియాలోని ఓ చిన్న స్టూడియోలో డేవిడ్ బ్రెవిక్ అనే ప్రోగ్రామర్ తనకు ఏమాత్రం ఇష్టం లేని పనికి కూర్చున్నారు. ఆయన బృందం తయారుచేస్తున్న 'డయాబ్లో' గేమ్‌లో పోరాటం చదరంగంలా సాగేది. ఆటగాడు ఒక అడుగు వేస్తే రాక్షసులు ఒక అడుగు వేస్తారు. అతను ఆలోచిస్తూ కూర్చుంటే వాళ్లూ కదలకుండా నిలబడతారు. పెట్టుబడి పెడుతున్న బ్లిజార్డ్ సంస్థకు ఇది నచ్చలేదు. ఈ వంతుల గొడవ తీసేసి అంతా రియల్ టైమ్‌లో, అంటే ఎవరి కోసం ఎవరూ ఆగకుండా జరగాలని పట్టుబట్టింది. స్టూడియోలో ఓటింగ్ పెడితే బ్రెవిక్ పక్షం ఓడిపోయింది. ఇది చాలా పెద్ద మార్పు, అదనంగా డబ్బు కావాలని బ్లిజార్డ్‌కు చెప్పి ఆయన పని మొదలుపెట్టారు. కొన్ని గంటల్లోనే అయిపోయింది. తెర మీది అస్థిపంజరంపై మౌస్ నొక్కగానే యోధుడు నడుచుకుంటూ వెళ్లి ఒక్క దెబ్బతో దాన్ని ముక్కలు చేశాడు. తన వాదన నిలవదని బ్రెవిక్‌కు ఆ క్షణంలోనే అర్థమైంది. 2016లో గేమ్ డెవలపర్ల సదస్సులో ఈ కథను ఆయనే చెప్పుకొచ్చారు.

1996 ఆఖర్లో విడుదలైన డయాబ్లో విజయం చూసి గేమ్‌ల పరిశ్రమ ఒక పాఠం నేర్చుకుంది. వంతులవారీ పోరాటం అన్నది బలహీనమైన కంప్యూటర్ల కాలంలో గత్యంతరం లేక పెట్టుకున్న ఏర్పాటు, ఇక దాని అవసరం లేదు అన్నదే ఆ పాఠం. అది సగమే నిజం. ఎందుకంటే డయాబ్లోలోనూ వంతులు పోలేదు. ఆ గేమ్‌లో కాలం సెకనుకు 20 ముక్కలుగా నడుస్తుంది. ప్రతి ముక్కలోనూ అందరూ తలో పని చేస్తారు. మారిందల్లా ఒక్కటే. అంతకుముందు గేమ్ మనిషి కోసం ఆగేది, ఇప్పుడు మనిషే గేమ్ వెంట పరుగెత్తాలి.

అసలు ఈ వంతులు కంప్యూటర్‌లో పుట్టినవి కావు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' కాగితం, పెన్సిలు, పాచికలతో బల్ల చుట్టూ కూర్చుని ఆడేది. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర. నేను కత్తి విసురుతున్నాను అని ఒకరు చెప్పి పాచిక వేస్తే, తగిలిందో లేదో నిర్వాహకుడు చెబుతాడు. అందరూ ఒకేసారి మాట్లాడితే ఆట సాగదు కాబట్టి వంతులు తప్పలేదు. ఈ సంప్రదాయమే కంప్యూటర్‌లోకి, అక్కడి నుంచి జపాన్‌కు చేరింది. 'డ్రాగన్ క్వెస్ట్' (1986), 'ఫైనల్ ఫాంటసీ' (1987) ఆ బాటలోనే వచ్చాయి. ఫైనల్ ఫాంటసీలో శత్రువులు ఒక వైపు, మనవాళ్లు మరో వైపు వరసగా నిలబడి, ఒకరు కొట్టాక మరొకరు కొడతారు. విచిత్రంగా అనిపిస్తే మన పౌరాణిక సినిమాలను గుర్తు చేసుకోవాలి. ఒక వీరుడు బాణం వేసి, అది గాలిలో సాగి, ఎదుటివాడి బాణంతో ఢీకొని రాలిపోయేదాకా రెండో వీరుడు విల్లు పట్టుకుని ఎదురుచూడటం మనకు కొత్త కాదు. నాటకాల్లో అయితే పద్యం పూర్తయ్యి, రాగం ముగిసే వరకు ప్రత్యర్థి మీసం దువ్వుకుంటూ నిలబడాల్సిందే.

ఈ నిలబడటాన్ని సరిదిద్దే ప్రయత్నాలు తొందరగానే మొదలయ్యాయి. 1991 నాటి ఫైనల్ ఫాంటసీ-4 కోసం హిరోయుకి ఇటో అనే డిజైనర్ ఒక్కో పాత్ర తన వేగాన్ని బట్టి వంతు సంపాదించుకునే పద్ధతి తెచ్చారు. ఆలోచిస్తూ కూర్చుంటే శత్రువు కొట్టేస్తాడు. వేర్వేరు వేగాలతో దూసుకుపోయే ఫార్ములా వన్ కార్లు ఆయనకు స్ఫూర్తి అంటారు.

అయితే ఈ వాదులాటను వేగానికీ నిదానానికీ మధ్య తగాదాగా చూడటం పొరపాటు. అసలు ప్రశ్న వేరు. పోరాడుతున్నది ఎవరు? రోల్ ప్లేయింగ్ గేమ్‌లో ఆటగాడు తాను కాని మనిషిని ధరిస్తాడు. ఆ మనిషి బలమెంత, చురుకుదనమెంత, తెలివి ఎంత అన్నది అంకెల్లో రాసుకుంటాడు. వంతులవారీ పోరాటంలో ఆ అంకెలే కొడతాయి, ఆటగాడు నిర్ణయాలు మాత్రమే తీసుకుంటాడు. రియల్ టైమ్‌లో ఆటగాడి వేళ్లు కూడా కొడతాయి. చేతులు చురుగ్గా ఉన్న పదిహేనేళ్ల కుర్రాడు చేతకాని పాత్రతోనూ గెలుస్తాడు. కీళ్లనొప్పులున్న అరవై ఏళ్ల మనిషి మహావీరుడి పాత్రతోనూ ఓడిపోతాడు. అలాంటప్పుడు పాత్రధారణ అన్న పేరుకు అర్థం ఏం మిగిలినట్టు? ఇది కేవలం సిద్ధాంత చర్చ కాదు. చేతులు వణికేవారికి, చూపు మందగించినవారికి, మధ్యలో నాలుగుసార్లు లేచి ఇంటిపని చూసుకోవాల్సినవారికి వంతులవారీ గేమ్ తలుపు తెరిచి ఉంచుతుంది.

రెంటికీ మధ్యేమార్గం కనిపెట్టామని 1998లో కెనడాలోని బయోవేర్ సంస్థ భావించింది. వైద్యులు నెలకొల్పిన సంస్థ అది. రియల్ టైమ్ యుద్ధ గేమ్‌లు జోరుగా అమ్ముడవుతున్న రోజుల్లో అది తెచ్చిన 'బాల్డర్స్ గేట్'లో పోరాటం ఆగకుండా సాగుతుంది, కానీ స్పేస్ బార్ నొక్కితే ప్రపంచమంతా స్తంభించిపోతుంది. ఆరుగురి బృందానికి తీరిగ్గా ఆదేశాలిచ్చి మళ్లీ నొక్కితే యుద్ధం కొనసాగుతుంది. రెండు సేనల మధ్య రథం ఆపి అంత సంభాషణ నడిపిన దేశంవాళ్లకు ఈ ఏర్పాటు ఆశ్చర్యం కలిగించకూడదు. ఆ తరం ఆటగాళ్లు దాన్ని ఎంతగానో ప్రేమించారు. కానీ దాని లోపం కూడా కళ్ల ముందే ఉండేది. ఆరేసి సెకన్ల వంతులు తెర వెనుక నడుస్తూనే ఉండేవి, పాచికలు పడుతూనే ఉండేవి. ఆటగాడికి కనిపించేది గుంపులో కొట్లాట, కింద గబగబా జారిపోయే అక్షరాలు. తన మాంత్రికుడు ఎందుకు చచ్చాడో తెలుసుకోవాలంటే ఆ అక్షరాలను వెనక్కి జరిపి చదువుకోవాలి. నియమాలున్న ఆటలో నియమాలు కనిపించకపోతే అది జూదమే.

వంతులవారీ పద్ధతిలో అంతా సవ్యంగా ఉందని కాదు. పన్నెండు మంది గాబ్లిన్‌లు ఒకరి తర్వాత ఒకరు నింపాదిగా నడిచి వచ్చి కొడుతుంటే టీ పెట్టుకుని రావచ్చు. రెండు ఎలుకలను చంపడానికి అంత తతంగం ఎవరికైనా విసుగే. నాలుగు అడుగులకో పోరాటం ఎదురయ్యే పాత జపాన్ గేమ్‌లు ఆడినవాళ్లకు ఇది బాగా తెలుసు. ప్రతి పోరాటాన్నీ ఒక చిక్కుముడిగా మలచగలిగితేనే ఈ పద్ధతి నిలుస్తుంది. అంత శ్రమ పడేవాళ్లు తక్కువ.

ఆ శ్రమ పడింది బెల్జియంలోని లారియన్ స్టూడియోస్. స్వెన్ విన్కె నడిపే ఈ సంస్థ వంతులవారీ గేమ్ కోసం 2013లో జనం దగ్గర చందాలు అడిగితే 9 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. అలా 2014లో వచ్చిన 'డివినిటీ: ఒరిజినల్ సిన్'లో నేల మీది నీళ్లు, నూనె, నిప్పు కూడా ఆయుధాలే. వర్షం కురిపించి మెరుపు ప్రయోగిస్తే తడిసినవాళ్లంతా షాక్ తింటారు. ఆలోచించడానికి వ్యవధి ఉంటేనే ఇలాంటి పన్నాగాలు సాధ్యం. అదే సంస్థ చేతికి బాల్డర్స్ గేట్ మూడో భాగం వచ్చినప్పుడు, అది వంతులవారీగానే ఉంటుందని 2020లో తేలినప్పుడు, పాత అభిమానులు కొందరు గగ్గోలు పెట్టారు. స్పేస్ బార్‌ను తీసేయడం వాళ్లకు అపచారంలా తోచింది. 2023 ఆగస్టులో విడుదలైన ఆ గేమ్ ఆ ఏడాది ద గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ గేమ్‌గా నిలిచింది. కొట్టబోయే దెబ్బ తగిలే అవకాశం ఎంత శాతమో అది ముందే చూపిస్తుంది. 95 శాతం అని చూపించి గురి తప్పినప్పుడు తిట్టుకోవచ్చు గానీ, అర్థం కాలేదని అనలేం.

దానికి ఆరు వారాల ముందే వచ్చింది ఫైనల్ ఫాంటసీ-16. ఒకప్పుడు వరసలో నిలబెట్టి వంతులు పంచిన ఆ సిరీస్ ఇందులో పూర్తిగా కత్తియుద్ధపు గేమ్‌గా మారింది. తాను వంతులవారీ గేమ్‌లు ఆడుతూ పెరిగినవాడినేనని, అయితే నేటి కుర్రకారులో చాలామందికి జాబితాలోంచి ఆదేశాలు ఎంచుకోవడం ఎందుకో అర్థం కావడం లేదని నిర్మాత నవోకి యోషిదా అంతకుముందే వివరించారు. వ్యాపారం తెలిసినవారి లెక్క అది. తప్పని కొట్టేయలేం. కానీ అదే వేసవిలో బెల్జియం గేమ్‌కు వచ్చిన ఆదరణ చూస్తే, కుర్రకారుకు అడ్డం వచ్చింది వంతులా లేక చప్పగా ఉన్న వంతులా అన్న అనుమానం రాకమానదు.

ఫ్రాన్స్‌లోని మాంట్‌పెలియే నుంచి 2025 ఏప్రిల్‌లో వచ్చిన 'క్లేర్ అబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33' మరో జవాబు చెప్పింది. మన వంతులో తీరిగ్గా ఆలోచించవచ్చు. శత్రువు వంతులో మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోకూడదు. దెబ్బ పడే క్షణం చూసి బటన్ నొక్కితే తప్పించుకోవచ్చు, ఎదురుదెబ్బా తీయొచ్చు. మూడు రోజుల్లో 10 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. ఆ ఏడాది ఉత్తమ గేమ్ బహుమతీ దానికే దక్కింది. తెలివైన పరిష్కారమే. కాకపోతే నిదానమైన చేతులవాళ్ల సమస్య మళ్లీ కిటికీలోంచి లోపలికి వచ్చింది. సులభ స్థాయిలో కొంత సడలింపు ఉందనుకోండి.

ఇప్పుడు రాకపోకలు రెండు వైపులా జరుగుతున్నాయి. స్పేస్ బార్ సంప్రదాయాన్ని బతికించడానికి అభిమానుల చందాలతో పుట్టిన 'పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ'కి 2025లో పదేళ్లు నిండాయి. తయారీదారు ఆబ్సిడియన్ ఆ ఏడాదే దానికి వంతులవారీ పద్ధతిని ప్రయోగాత్మకంగా జోడించింది. కార్టూన్ నెట్‌వర్క్ పుణ్యమా అని మన పిల్లలకూ పరిచయమైన పోకెమాన్ 1996 నుంచి ప్రధాన గేమ్‌లలో వంతులనే నమ్ముకుంది. అది 2025 అక్టోబరులో 'లెజెండ్స్: జెడ్-ఎ'తో రియల్ టైమ్ పోరాటానికి దిగింది. అందులో పికాచూ పిడుగు వేస్తుంటే ఎదుటి పోకెమాన్ తన వంతు కోసం ఆగదు.