కొలాజ్: కత్తెరతో వేసే ప్రశ్న

బొమ్మలు గీయడం రాదని మనలో చాలామంది డ్రాయింగు షీటు జోలికే పోరు. అలాంటివారికి కూడా అందుబాటులో ఉన్న కళ కొలాజ్. పాత పత్రికలు, ఫొటోలు, రంగు కాగితాలు కత్తిరించి, వాటిని కొత్త వరుసలో అతికించి ఒక చిత్రంగా చేయడమే కొలాజ్. అతికించడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి ఈ పేరు వచ్చింది. 1912లో పికాసో, బ్రాక్ అనే చిత్రకారులు దీనికి ఆధునిక చిత్రకళలో చోటు కల్పించారు. అయితే "ఆడపిల్ల ఇలాగే ఉండాలి" అని లోకం చూపే బొమ్మను కత్తెరతో నిలదీసిన వారిలో ముందుగా చెప్పుకోవలసిన పేరు జర్మనీకి చెందిన హన్నా హోఖ్.

హన్నా హోఖ్ ఎవరు?

ఆమె 1889లో గోథా పట్టణంలో జన్మించారు. పదిహేనేళ్ల వయసులో, చిన్న చెల్లెల్ని చూసుకోవడానికి ఇంట్లోవాళ్లు ఆమెను బడి మాన్పించారు. మన ఊళ్లలోనూ ఎంతమంది అక్కల కథ ఇది! అయినా ఆమె ఆగిపోలేదు. 1912లో బెర్లిన్‌లో కళావిద్యలో చేరారు. 1916 నుంచి 1926 వరకు ఉల్‌స్టైన్ అనే ప్రచురణ సంస్థలో, మహిళా పత్రికలకు కుట్లు, అల్లికల డిజైన్లు తయారుచేసే ఉద్యోగం చేశారు. పత్రికల నిండా కనిపించే ఆడవాళ్ల ఫొటోలే ఆమెకు ముడిసరుకు అయ్యాయి.

1920లో బెర్లిన్‌లో జరిగిన డాడా కళా ప్రదర్శనలో ఆమె చిత్రాలు పెట్టడానికి తోటి మగ కళాకారుల్లో కొందరు ఒప్పుకోలేదు. చివరకు పెట్టక తప్పలేదు. అందులో ఒక పెద్ద చిత్రం పేరులోనే వంటింటి కత్తి ఉంది. వంటింట్లో ఉండాల్సిన కత్తితో దేశ రాజకీయాలను కోశానని ఆ పేరుకు అర్థం. ఆ చిత్రంలో ఒక మూల, స్త్రీలకు ఓటుహక్కు వచ్చిన ఐరోపా దేశాల పటం అతికించి, అక్కడే తన ముఖం చిన్నదిగా పెట్టుకున్నారు. జర్మనీ స్త్రీలు మొదటిసారి జాతీయ ఎన్నికల్లో ఓటు వేసింది 1919 జనవరిలోనే.

అదే 1920లో చేసిన 'అందమైన అమ్మాయి' అనే కొలాజ్‌లో ఈత దుస్తుల్లో కూర్చున్న ఒక యువతి ఉంటుంది. ముఖం ఉండాల్సిన చోట ఎలక్ట్రిక్ బల్బు! చుట్టూ కార్ల కంపెనీ ముద్రలు, టైరు, యంత్రాల భాగాలు. అమ్మాయి అందాన్ని కూడా సరుకులా అమ్ముతున్నారని ఒక్క మాట రాయకుండా చెప్పారు. 1978లో మరణించే వరకు ఆమె కత్తెర వదల్లేదు.

మనకు దీనితో పనేమిటి?

ఆదివారం అనుబంధం ఒకసారి తిరగేయండి. షాంపూ ప్రకటనలో జుట్టే, గాజుల ప్రకటనలో చెయ్యే, లిప్‌స్టిక్ ప్రకటనలో పెదవులే. మనం కత్తెర పట్టకముందే ప్రకటనలు ఆడమనిషిని ముక్కలు చేసి పెట్టాయి. ఆ ముక్కలు కూడా దాదాపు ఒకే రంగులో ఉంటాయి. 1975లో మన దేశంలో మార్కెట్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము 2020లో గ్లో అండ్ లవ్లీగా పేరు మార్చుకుంది. పేరు మారినంత సులువుగా చూపు మారదు. "నల్లగా ఉన్నావు", "మరీ బక్కగా ఉన్నావు" అనే మాటలు మన పిల్లలకు కొత్త కాదు. రంగు మీద పడే మాట వెనుక చాలాసార్లు కులం మీద మాట దాగి ఉంటుంది. అది విని అద్దం ముందు తల దించుకోవడం కన్నా, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడం మేలు. ఆ వెతుకులాటకు కొలాజ్ మంచి సాధనం.

చేసే విధానం

1. పాత పత్రికలు, బట్టల షాపు క్యాలెండర్లు, సబ్బు కవర్లు, పెళ్లి పత్రికలు, బస్సు టిక్కెట్లు వారం రోజులు పోగుచేయండి.

2. కత్తిరించిన ముక్కలను ముఖాలు, చేతులు, అక్షరాలు అని కుప్పలుగా వేయండి. పొలంలో, బడిలో, ఆఫీసులో పనిచేస్తున్న స్త్రీలు ఎందరు? మీ అమ్మలా కనిపించేవారు ఎందరు? లెక్కపెట్టి రాసుకోండి. సగం పాఠం ఇక్కడే ఉంది.

3. వెంటనే అతికించకండి. అట్ట మీద పేర్చి చూడండి. కొలతలు తారుమారు చేయండి. చిన్న ముఖానికి పెద్ద చేతులు పెడితే పని కనిపిస్తుంది. నోటి చోట పుస్తకం పెడితే మాట కనిపిస్తుంది.

4. పత్రికల్లో దొరకనిది మీరే చేర్చండి. మీ ఫొటో జిరాక్సు, అమ్మ చీర అంచు ముక్క, మీ చేతిరాత, ఏదైనా సరే.

5. ఉడికించిన మైదా జిగురు పలుచగా రాసి, వెనకాల ఉండాల్సిన ముక్కలు ముందు అతికించండి. ఆరాక బరువైన పుస్తకాల కింద ఒక రాత్రి ఉంచితే షీటు వంకర పోదు.

ఒక జాగ్రత్త. తోటి అమ్మాయి ఫొటోను ఆమెను అడగకుండా వాడకండి. బొమ్మలో ఉన్న మోడల్‌ను వెక్కిరించకండి. ఆమె కూడా కూలికి నిలబడిన మనిషే. మన ప్రశ్న ఆమెకు కాదు, ఆమెను అలా నిలబెట్టిన చూపుకు.

వచ్చే వార్షికోత్సవానికి ఒక్కొక్క గది నుంచి ఒక్కొక్క కొలాజ్ తయారు చేద్దాం. కింద పేరుతో పాటు, కుప్పలు వేసినప్పుడు రాసుకున్న లెక్క కూడా రాయండి. చూడడానికి వచ్చే మన అమ్మానాన్నలకు అది చదివి వినిపిద్దాం.