భూమికి ముందు నిలిచిన అల

హంద్రికి వరద వచ్చినప్పుడు వంతెన మీదినుండి క్రిందికి చూచిన కల్లూరువారికి ఒక సంగతి తెలిసియే యుండును. నీరు స్తంభమునకు తగులకముందే ఎగసి, వంపు తిరిగిన గట్టువలె నిలుచును. అక్కడ చీలి ఇరుప్రక్కల వెనుకకు సాగిపోవును. నీరు పారుచునే యుండును, గట్టు మాత్రము కదలదు. భూమికి ముందు, సూర్యుని వైపున, ఇటువంటి గట్టే యొకటి ఉన్నది.

సూర్యునినుండి విద్యుత్కణములు సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగముతో ఎడతెగక వీచుచుండును. ఇదియే సౌరపవనము. భూమి అయస్కాంత క్షేత్రము దీనికి వంతెన స్తంభము వంటిది. ముందు అడ్డున్నదన్న వార్తను ఎగువకు మోయవలసినవి ఆ పవనములోని అలలే. కాని పవనము తన అలలకంటె వేగముగా వచ్చుచున్నది. వార్త అందదు. కనుక భూకేంద్రమునకు దాదాపు 90,000 కిలోమీటర్ల దూరమున పవనము ఒక్కసారిగా మందగించి, వేడెక్కి, దట్టమై ప్రక్కలకు తిరుగును. ఈ సరిహద్దును ఇంగ్లీషున ‘బో షాక్’ అందురు. బో అనగా ఇక్కడ విల్లు కాదు, పడవ ముక్కు. మనము ముందటి అల అన్న చాలును.

ఇది ఉండవలెనని 1962లో ఆక్స్‌ఫర్డ్, కెల్లాగ్ అను శాస్త్రజ్ఞులు వేర్వేరుగా ఊహించిరి. 1963 నవంబరులో ఎగిరిన ఐ.ఎం.పి.-1 ఉపగ్రహము దానిని దాటి రూఢి చేసినది.

కంటికి కనిపించని దానికి ఆకారము కట్టుట యెట్లు? ఉపగ్రహము అలను దాటిన ప్రతిసారి అందలి అయస్కాంత మాపకము చివుక్కున ఎగురును. ఆ చోటు ఒక చుక్క. పవనపు ఒత్తిడి మారినకొలది అల ముందువెనుకలకు జరుగుచుండును గనుక చుక్కలు చెదరిపడును. ఏ చుక్కనాటి ఒత్తిడి ఎంతో చూచి, అన్నిటిని ఒకే కొలతకు తెచ్చి, వాటిమీదుగా పరవలయమో అతిపరవలయమో గీయుదురు. ముక్కు ఎంత దూరము, ప్రక్కలు ఎంత విచ్చుకొన్నవి అన్న రెండు అంకెలే ప్రధానము. ఈ వంపు నడుమ గీత కూడ సరిగా సూర్యునికి ఎదురు నిలువదు. భూమియు సెకనుకు 30 కిలోమీటర్లు పరుగెత్తుచున్నది గదా! పరుగెత్తువానికి నిలువు వాన ఏటవాలుగా తగిలినట్లు, గీత సుమారు 4 డిగ్రీలు ప్రక్కకు ఒరుగును.

భూమి సులభముగా చోటు వదలదు. ఒత్తిడి 64 రెట్లు పెరిగినగాని అయస్కాంతపు హద్దు సగము దూరమునకు తగ్గదు. అయినను 2024 మే 10 నాటి సౌర తుపానులో ఆ హద్దు, టెలివిజను ప్రసారములు మోయు ఉపగ్రహముల కక్ష్యకంటె లోపలికి నెట్టబడినది. ఆ కక్ష్య భూకేంద్రమునకు 42,000 కిలోమీటర్లు. అచ్చటి యంత్రములకు ఆ సమయమున పవనము నేరుగా తగులును.

2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోటనుండి వెడలిన ఆదిత్య-ఎల్1, సూర్యుని దిక్కున 15 లక్షల కిలోమీటర్ల దూరమున ఈ పవనమును కూడ కొలుచుటకు పోయినది. అచ్చటి గాలి మనకు చేరుటకు గంట పట్టును. తుపాను గాలియైనచో అరగంటయే. ముక్కు ఎంతవరకు జరుగునో ఆ లోపలనే లెక్క తేలవలెను.