సిరా ఎండుట, మెరుపు నిలుచుట

ఫౌంటెన్ పెన్ను సిరాను ఒక చుక్క అద్దుడు కాగితముపైన, మరొక చుక్క గాజుపలకపైన వేసి గమనింపుడు. కాగితముపై చుక్క క్షణములో ఇంకిపోవును. గాజుపై చుక్క చాలసేపు ఉబ్బెత్తుగా నిలిచియుండి, ఎట్టకేలకు ఎండినపుడు అంచున ముదురు వలయమును, నడుమ పలుచని మరకను మిగుల్చును. నిజమునకు మొదటి చుక్క అంత త్వరగా ఎండలేదు. కాగితపు నారల నడుమనున్న సన్నని సందులు కేశనాళికలవలె దానిని లోనికి లాగుకొన్నవి. తడి కంటికి కనబడకుండ దాగినది, అంతే. రెండవ చుక్కకు దాగుటకు చోటు లేదు.

ఇంక్‌జెట్ యంత్రము కాగితముపై అచ్చువేయునపుడు ఈ ఇంకుడు గుణమే దానికి పెద్ద సహాయము. వీధి కూడళ్లలో కట్టు ఫ్లెక్సు బ్యానర్లు, ప్లాస్టిక్ సంచులు, దుకాణముల రేకు బోర్డులు, గాజు తలుపులు మొదలగువానికి ఆ గుణము లేదు. యంత్రమునుండి వెలువడు ఒక చిన్న బిందువు పరిమాణము 4 పికోలీటర్లనుకొందము. పికోలీటరనగా లీటరులో లక్షకోట్లవ వంతు. అట్టి బిందువు వ్యాసము సుమారు 20 మైక్రానులు. ఇట్టివి లక్షలకొలది వచ్చి పడి, చెదరక, ఒకదానిలో నొకటి కలగాపులగము కాక, పడినచోటనే గట్టిపడవలెను. గట్టిపడిన పిమ్మట మెరయవలెను కూడ. ఈ రెండు కోరికలకు పొత్తు కుదుర్చుట సులభము కాదు.

మెరుపు అనగా నేమి? నున్నని తలముపై పడిన కాంతి ఒకే దిక్కునకు పరావర్తనము చెందును. గరుకు తలముపై పడినది నలుదిక్కులకు చెదరును. ఎంత నున్నగా నుండవలెననుటకు కొలబద్ద కాంతి తరంగదైర్ఘ్యమే. కంటికి కనబడు కాంతి తరంగదైర్ఘ్యము 0.4 నుండి 0.7 మైక్రాను వరకు ఉండును. తలముపైని మిట్టపల్లములు అంతకంటె చాల తక్కువైనచో అది అద్దమువలె మెరయును. వాని ఎత్తు కొన్ని మైక్రానులైనచో మసకబారును. పరిశ్రమలలో వాడు మెరుపుమాపకము సాధారణముగా 60 డిగ్రీల కోణమున కాంతిని ప్రసరింపజేసి, పరావర్తనమైన భాగమును నున్నని నల్లగాజుతో పోల్చును. ఆ గాజు మెరుపును 100గా ఎంచుకొందురు. పరికరము లేనివారు అచ్చును కిటికీకి ఎదురుగ పట్టి, చువ్వల ప్రతిబింబము ఎంత స్పష్టముగా నున్నదో చూచిన చాలును.

ఇప్పుడు చిక్కు తెలియును. తలముపై పడిన బిందువు బోర్లించిన మూకుడు ఆకారములోనే గట్టిపడినచో దాని ఎత్తు కొన్ని మైక్రానులుండును. లక్షల మూకుళ్లు పేర్చిన తలము మెరయదు. కనుక గట్టిపడుటకు ముందే బిందువులు ఒండొంటితో కలిసి, చదునైన పొర కావలెను. చదును చేయునది ద్రవముయొక్క తలతన్యత. అడ్డుపడునది దాని స్నిగ్ధత. ఈ పోటీకి ఎస్. ఇ. ఆర్చర్డ్ 1962లో ఒక సూత్రమును ప్రకటించెను. పలుచని పొరలో అలలు అణగుటకు పట్టు కాలము స్నిగ్ధతకును, అలల నడుమ దూరముయొక్క నాలుగవ ఘాతమునకును అనులోమముగను, తలతన్యతకును, పొర మందముయొక్క ఘనమునకును విలోమముగను ఉండును. పొర మందము సగమైనచో కాలము 8 రెట్లగును. అలల దూరము రెట్టింపైనచో కాలము 16 రెట్లగును.

ఒక లెక్క చూడుడు. నీటికి పదిరెట్ల స్నిగ్ధతయు, సెంటీమీటరుకు 30 డైనుల తలతన్యతయు గల సిరా 10 మైక్రానుల మందమున పరచుకొన్నదనుకొందము. అంగుళమునకు 600 చుక్కల అచ్చులో పక్కపక్క చుక్కల దూరము 42 మైక్రానులు. అట్టి అలలు కొలది మైక్రోసెకనులలో అణగిపోవును. కాని మిల్లీమీటరు దూరముగల అలలకు రమారమి 0.6 సెకను, రెండు మిల్లీమీటర్ల వానికి 10 సెకనులు పట్టును. యంత్రపు తల అటునిటు తిరుగుచు పట్టీలు పట్టీలుగా సిరా వేయును. చుక్కల జాడ మాసినను ఆ పట్టీల జాడ మాయకుండుటకు కారణము ఈ నాలుగవ ఘాతమే. సిరా ఎండుచున్నకొలది స్నిగ్ధత పెరుగును, పొర పలుచనగును. అనగా చదునగుటకు అవకాశము రెండువైపులనుండియు మూసికొనిపోవును.

అట్లని తీరికగా వేచియుండిన సరిపోదు. ఎరుపు పసుపులోనికి ప్రాకును, అక్షరముల అంచులు చెదరును. పోలిథీన్ వంటి తలముపైనయితే సిరా ముడుచుకొని పూసలు కట్టును. ఆ తలపు శక్తి సెంటీమీటరుకు సుమారు 31 డైనులు. నీటి తలతన్యత 72. అందుచే సిరాలో తలతన్యతను తగ్గించు పదార్థములు కలుపుదురు. పోలిథీన్ పొరపై విద్యుదుత్సర్గమును ప్రసరింపజేసి దాని శక్తిని పెంచుదురు.

నీటిసిరాకు గ్రాము నీటికి 540 క్యాలరీల గుప్తోష్ణము ఇయ్యవలెను. హీటరు పెంచిన పని త్వరగా తెమలునని తోచుట సహజమే; మెరుపు విషయములో అది తరచు చేటు. పైన మీగడ కట్టినట్లు పొర ఏర్పడును, క్రింది ఆవిరి దానిని చీల్చుకొని వచ్చి గుంటలు చేయును. గాజుపలకపై చూచిన వలయము వేరొక చిక్కు. చుక్క అంచు త్వరగా ఎండుటచే నడుమనుండి ద్రవము అటు ప్రవహించి రంగును మోసికొనిపోవునని చికాగో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 1997లో వివరించిరి. నిదానముగా ఆవిరియగు గ్లైకాలు కొంత కలిపినచో పొర చివరివరకు ద్రవముగా నుండి సర్దుకొనును. మితమైన వేడి, తలమంతట సమానముగా వీచు గాలి మేలు.

ఫ్లెక్సుకు వాడు ద్రావణి సిరా పి.వి.సి. తలమును కొంచెము మెత్తబరచి పట్టుకొనును. అందులో దిగిన ద్రావణి బయటికి వచ్చుటకు ఒకరోజైనను పట్టవచ్చును. తాకిన అంటలేదుగదా యని వెంటనే చుట్టిపెట్టినచో పొరకు పొర అంటుకొని అచ్చు పాడగును.

అతినీలలోహిత కిరణములతో గట్టిపడు సిరాలో ఆవిరియగుట దాదాపు లేదు. దీపమునుండి వచ్చు 395 నానోమీటర్ల కిరణములవంటివి సోకగానే సిరాలోని ఆరంభక పదార్థము స్వేచ్ఛా ప్రాతిపదికలను విడుదలచేయును. చిన్న అణువులు గొలుసులై, వలలై సెకనులో కొద్దిభాగములోనే ఘనపదార్థమగును. ఈ వేగమే మూకుళ్ల చిక్కును తెచ్చిపెట్టును. దీనికి మేలైన ఉపాయము రెండు పనులను వేరుచేయుట. రంగు బిందువులను వెంటనే గట్టిపరచి బొమ్మ అంచులను కాపాడుదురు. దానిపై రంగులేని సిరా నొక పొరగా పరచి, దీపమును ఆర్పి, కొన్ని సెకనులో, నిమిషములో సర్దుకొననిచ్చి, పిదప వెలుగు చూపుదురు. రంగులేని పొర కొంచెము ప్రాకినను బొమ్మకు నష్టము లేదు.

ఇందు గాలి ఒక శత్రువు. ఆక్సిజను స్వేచ్ఛా ప్రాతిపదికలను మధ్యలోనే పట్టుకొనును. అడుగు గట్టిపడినను పైపొర జిగటగా మిగులును. మెరుపు కొరకు వెలుగును తగ్గించిన యచ్చు పైకి అందముగా కనబడి, లోన సగము ఉడికినదై యుండవచ్చును. ఆహారపు పొట్లములపై ఇది చిన్న విషయము కాదు. 2005లో ఇటలీలో పసిపిల్లల పాలలో అచ్చుసిరాకు చెందిన ఐసోప్రొపైల్ థయోక్సాంథోన్ అను ఆరంభక పదార్థము కనబడి, ఆ పాలను అంగళ్లనుండి తొలగింపవలసివచ్చెను. అట్టను చుట్టగా చుట్టినపుడు వెలుపలి సిరానుండి ఆ పదార్థము లోపలి ముఖమునకు అంటుకొన్నది. అది ఇంక్‌జెట్ అచ్చు కాకున్నను సిరా గట్టిపడు విధానము ఇదే.

కావున కొన్నిచోట్ల దీపము క్రింద నైట్రోజనును నింపుదురు. మరియొక ఉపాయమున్నది. తడిపూతపై నున్నని పారదర్శకమైన పాలియెస్టరు పొరను అదిమి, దానిగుండా కిరణములను పంపి, గట్టిపడిన పిదప పొరను ఒలిచివేయుదురు. గాలి సోకదు గనుక పైభాగము పూర్తిగా గట్టిపడును. పొర ఎంత నున్ననిదో పూత అంత నున్నగా వచ్చును. గరుకు పొరను వాడినచో ఆ గరుకు కూడ అట్లే దిగును.