బీరువా కింద దూరిన పిల్లి

కొత్త పిల్లి బీరువా కింద దూరిందనీ, ఎంత పిలిచినా రావడం లేదనీ బెంగ పెట్టుకున్నావటగా అమ్మలూ! అది నీ మీద అలగలేదమ్మా, భయపడింది. చెయ్యి పెట్టి లాగావో, ఆ భయం రెట్టింపవుతుంది. అక్కడే ఉండనీ. దగ్గర్లో ఒక అట్టపెట్టెను పక్కకు పడుకోబెట్టి, లోపల పాత చీర ముక్క పరిచి పెట్టు. నెదర్లాండ్స్‌లో ఒక సంరక్షణ కేంద్రానికి కొత్తగా వచ్చిన పిల్లుల్లో కొన్నిటికి దాక్కునే పెట్టెలిచ్చి, కొన్నిటికి ఇవ్వకుండా చూశారు. పెట్టె దొరికినవే త్వరగా కుదుటపడ్డాయి. దాక్కోవడానికి చోటుందని తెలిస్తేనే పిల్లికి బయటికొచ్చే ధైర్యం వస్తుంది మరి.

ఇప్పుడు నేలమీద కూర్చుని, కాస్త దూరం నుంచే దాన్ని గమనించు. వెలుతురున్నా కనుపాపలు నల్లగా, గుండ్రంగా విప్పారి ఉన్నాయా? అది భయమే. భయం పుట్టగానే ఒంట్లో అడ్రినలిన్ అనే రసాయనం ఊరుతుంది, గుండె దడదడలాడుతుంది, వెంట్రుకల కుదుళ్ల దగ్గరుండే చిన్న చిన్న కండరాలు బిగుసుకుని వెంట్రుకలు లేచి నిలబడతాయి. చలికి నీ చేతిమీద రోమాలు నిక్కబొడుచుకునేది కూడా అలాంటి కండరాలవల్లే. చెవులు పక్కలకు వాలిపోయి, తోక ఒంటికి చుట్టుకుని ఉంటే దాని జోలికి వెళ్లకు. తోకను అటూ ఇటూ విసురుతుంటే చిరాకుపడుతోందని అర్థం. అదే తోక నిలువుగా లేపి నీవైపు నడిచొచ్చిందనుకో, పలకరిస్తోందన్నమాట. డార్విన్ అనే శాస్త్రవేత్త 1872లో మనుషుల, జంతువుల భావాల మీద రాసిన పుస్తకంలో కోపంగా ఉన్న పిల్లినీ, ప్రేమగా ఉన్న పిల్లినీ బొమ్మలు వేయించి మరీ చూపించాడు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. గుర్రుగుర్రుమన్నంత మాత్రాన హాయిగా ఉందనుకోకూడదు. నొప్పితో ఉన్న పిల్లి కూడా అలా గుర్రుమంటుంది. అందుకే చెవులూ, కళ్లూ, తోకా అన్నీ కలిపి చూడాలి.

నాకు బాగా నచ్చిన సంగతి ఇప్పుడు చెబుతా విను. కన్నార్పకుండా చూస్తే పిల్లి దాన్ని బెదిరింపు అనుకుంటుంది. నువ్వేమో ముద్దొస్తోందని అలాగే చూస్తావు! బదులుగా, నవ్వినప్పుడు చిన్నవయ్యేట్టుగా కళ్లను మెల్లగా సగం మూసి, ఒకటి రెండు క్షణాలు పూర్తిగా మూసి, మళ్లీ మెల్లగా తెరువు. ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో దీన్ని పరీక్షించి చూశారు. యజమానులు అలా చేస్తే పిల్లులూ కళ్లు మెల్లగా ఆర్పాయి. అంతేనా, ముక్కూమొహం తెలియని మనిషి అలా చేసి చెయ్యి చాపినా, ఊరకే చూస్తూ చాపినప్పటికన్నా ఎక్కువగా దగ్గరికొచ్చాయి. నువ్వూ చేసి చూడు. వెంటనే బదులివ్వకపోతే ఊరుకో, సాయంత్రం మళ్లీ చెయ్యి.

మిక్సీ తిరిగేటప్పుడు పిల్లి ఉన్న గది తలుపు వెయ్యమని అమ్మకు చెప్పు, ఆ చప్పుడుకు అది ఇంకా బెదురుతుంది. మనకు 20 వేల హెర్ట్జ్ దాటిన శబ్దం వినపడదు, పిల్లి చెవి 60 వేలు దాటినా పట్టేస్తుంది.

అదే వచ్చి నీ వేళ్లను వాసన చూసి, బుగ్గ రాసిందనుకో, అప్పుడు బుగ్గలమీదా గడ్డం కిందా నిమురు. దాని వాసన ఊరే గ్రంథులు అక్కడే ఉంటాయి. పొట్ట జోలికి మాత్రం పోకు. పాలతో మచ్చిక చేద్దామని నానమ్మ అంటుంది గానీ వద్దు, పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. నీళ్లూ తిండీ బీరువాకి దగ్గర్లోనే పెట్టు. ఒక రోజంతా ముట్టకపోతే మటుకు పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్దాం. రోజుల తరబడి పస్తుంటే పిల్లి కాలేయానికి కొవ్వు పట్టేస్తుంది, అది ప్రాణం మీదికి వస్తుంది.